క్లాసులో పక్కవాడికి ఆటలమ్మ. మావాడికి ఏమీ లేదు. బడికి పంపాలా, ఆపాలా?

మూలాపేట_అమ్మ • సోమవారం రాత్రి 9:40

మాది నెల్లూరు. బాబు రెండో తరగతి. వాడి బెంచీలో పక్కనే కూర్చునే పిల్లాడికి శనివారం ఒళ్ళంతా పొక్కులు లేచాయంట, ఆటలమ్మే అని డాక్టరు చెప్పారంట. శుక్రవారం దాకా ఆ పిల్లాడు బడికొచ్చాడు. ఇద్దరిదీ ఒకటే నీళ్ళ బాటిల్. ఈరోజు టీచర్ వాట్సాప్ గ్రూపులో "జ్వరం, దద్దుర్లు ఉన్న పిల్లలను పంపవద్దు" అని పెట్టింది. ఏమీ లేని పిల్లల సంగతి ఏమిటో రాయలేదు.

మావాడు గంతులేస్తున్నాడు. టీకాల కార్డు తీసి చూస్తే ఆటలమ్మది ఒక్క డోసే రాసుంది, పదిహేనో నెలలో. రెండోది వేయించామో లేదో నాకూ గుర్తు లేదు, మా ఆయనకీ గుర్తు లేదు. వచ్చేవారం పరీక్షలు, ఏమీ లేనోణ్ణి ఎందుకు ఆపుతావంటాడు ఆయన. అత్తయ్య మాత్రం ఇప్పుడే గుమ్మానికి వేపమండ కట్టేసింది. ముందు జాగ్రత్తంట. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పులిబొంగరం • 9:52

వేపమండ చూస్తే చీటీపాట ఆవిడ కూడా గుమ్మం తొక్కదు. ఈ నెలకు హాయి.

ఒంగోలు_గిత్త • 10:05

ఆపండమ్మా. 21 రోజులు. ఇందులో చర్చే లేదు.

ఇది ఒంట్లో దిగినాక బయటికి కనబడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. పొక్కు కనబడే ముందు ఒకటి రెండు రోజులు కూడా అంటుకుంటుంది. అంటే మీవాడు ఇలాగే గంతులేస్తూ ఇంకో పదిమందికి అంటించొచ్చు. పొక్కు వచ్చాక ఆపుతాం అనేది దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది. పరీక్షలు మళ్ళీ వస్తాయి.

కుట్టుమిషన్ • 10:31

21 రోజులా! అన్నా, మీ ఇంట్లో 21 రోజులు పిల్లోడి కాడ ఎవురు కూచుంటారో ముందు చెప్పండి. నాది బుచ్చిలో కుట్టుషాపు. షట్టర్ దించితే ఆ రోజు రూపాయి రాదు. క్లాసులో నలభైమంది పిలకాయలుంటే నలభైమందినీ ఆపుతారా? పదిహేనో రోజున ఇంకొకడికి వస్తే మళ్ళా ఒకటి నుంచి లెక్కెట్టాలా? అట్టయితే బడికి తాళమేసి ఆ తాళంచెవి పోలేరమ్మ గుళ్ళో ఇచ్చేస్తే సరిపోద్ది.

మా పెద్దదానికి మూడేళ్ళ కింద పోసింది. ఏడో రోజుకి అన్నీ ఎండి పక్కులు కట్టినాయి. ఇంక పంపొచ్చని డాక్టరే చీటీ రాసిచ్చినాడు. బడోళ్ళు గేటు కాడే ఆపేసినారు. పక్కులన్నీ రాలిపోవాలంట. అవి రాలినాక మచ్చలు పోవాలంట. మచ్చలు ఎన్నాళ్ళకి పోతాయి సామీ? మొత్తం మూడు వారాలు ఇంట్లోనే. పోయినాక వెనకాల బెంచీలో దాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టినారు. "అమ్మవారి పిల్ల" అని పేరు కూడా పెట్టినారు. గ్రూపులో పేరు, తరగతి, రోల్ నంబరు రాసి మరీ పెట్టింది ఆ బడే. 21 అనేవాళ్ళు అది కూడా లెక్కలో వేసుకోండి.

కొండపి_మందులషాపు • 10:58

ఒక్క ముక్క. పక్కు కట్టడం వేరు, పక్కు రాలడం వేరు. ఉన్న పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాక అంటుకోదు. మామూలుగా మొదటి పొక్కు లేచిన రోజు నుంచి ఐదు, ఏడు రోజులు. పక్కు రాలడంతో పని లేదు, మచ్చతో అసలే లేదు. ఆ అక్కకు చీటీ ఇచ్చిన డాక్టరుది కరెక్టు, గేటు కాడ ఆపినవాళ్ళది తప్పు.

ఇక అమ్మ అడిగినదానికి. రోగం ఉన్న పిల్లాడి పక్కన కూర్చున్నంత మాత్రాన, మామూలు ఆరోగ్యంతో ఉన్న పిల్లాణ్ణి బడి మాన్పించమని డాక్టర్లు సాధారణంగా చెప్పరు. రోజూ పొద్దున చొక్కా విప్పి కడుపు, వీపు, తల్లో చూసి పంపమంటారు. గిత్త అన్న చెప్పే 21, తట్టు తగిలిన పిల్లలకు టీకా లేకపోతే పెట్టే లెక్క. తట్టు వేరు, ఆటలమ్మ వేరు.

ఒంగోలు_గిత్త • 11:10

తట్టు లెక్క కాదు. ఆటలమ్మకే 21 పెట్టారు, నా కళ్ళతో చూశాను. మందులషాపులో కూర్చుని డాక్టరు మాటలు చెప్పమాకండి. పక్కు కట్టగానే పంపమంటున్నారు, పిల్లాడు గోకితే ఆ పక్కు లేచిపోదా? లోపల తడి ఉండదా?

కొండపి_మందులషాపు • 11:14

గోకితే చీము పడుతుంది, మచ్చ మిగులుతుంది. గోళ్ళు కత్తిరించమని చెప్పేది అందుకే. అన్నీ ఎండాక పక్కు లేచినా రోగం అంటదన్నా.

ఒంగోలు_గిత్త • 11:17

ఒక్కటి ఎండకపోతే?

కొండపి_మందులషాపు • 11:18

అన్నీ అన్నాను. "అన్నీ."

ఒంగోలు_గిత్త • 11:21

నెత్తిలో జుట్టు కింద ఉన్నది ఎండిందో లేదో బడి గేటు కాడ ఎవరు చూస్తారు? వాచ్‌మనా?

పులిబొంగరం • 11:30

ఆమె అడిగింది పొక్కే లేని పిల్లాడి గురించి. మీరు అరగంట నుంచి పక్కు గోకుతున్నారు.

సోమశిల_నీళ్ళు • 11:41

బళ్ళో అందరికీ టీకాలేశారు కదా ఆ మధ్య, మళ్ళీ ఇదెట్టా వస్తుంది?

కొండపి_మందులషాపు • 11:49

2017 ఆగస్టులో బళ్ళకొచ్చి వేసింది ఎంఆర్ టీకా. అది తట్టుకీ, రుబెల్లాకీ. ఆటలమ్మ టీకా సర్కారు పట్టికలో లేదు, బయట డబ్బు పెట్టి వేయించుకోవాలి. పిల్లల డాక్టర్లు రెండు డోసులు చెబుతారు. ఒక్కటే పడితే వందలో ఎనభైమందికి పైగా ఆగుతుంది, రెండు పడితే తొంభై దాటుతుంది. టీకా పడ్డాక కూడా వస్తే కొద్దిగా వచ్చి పోతుంది.

మూలాపేట అమ్మా, మీకు ముఖ్యమైన మాట ఇది. రోగం తగిలిన మూడు రోజుల్లోపు, ఆలస్యమైనా ఐదు రోజుల్లోపు డోసు పడితే ఇప్పుడు కూడా పనికొస్తుంది. శుక్రవారం నుంచి లెక్కేసుకోండి. రేపే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒకవేళ జ్వరమొస్తే పారాసెటమాల్ తప్ప వేరే వేయొద్దు, ఆస్పిరిన్ అసలే వద్దు. అది ఈ రోగంలో పిల్లలకు కాలేయం మీదికీ మెదడు మీదికీ తెచ్చిపెట్టొచ్చు.

కుట్టుమిషన్ • 11:55

డోసు రెండు వేల రూపాయల మాట. నాకు ముగ్గురు. రెండేసి లెక్కన పన్నెండు వేలు. ఊరికే చెబుతున్నా, ఎవుర్నీ ఏమీ అనడంలా.

కావలి_మాస్టారు • మంగళవారం ఉదయం 6:15

ముప్ఫై రెండేళ్ళు హాజరుపట్టీ రాసిన చేయి ఇది. రాత్రి వ్యాఖ్యలన్నీ చదివాను. మా రోజుల్లో ఈ ప్రశ్నే పుట్టేది కాదు. అమ్మ పోసిన ఇంటికి వేపమండ కట్టేవారు. ఆ ఇంట్లో తాలింపు ఘుమఘుమ ఉండేది కాదు, చుట్టాలు గడప తొక్కేవారు కాదు. వేపాకు నీళ్ళతో తలకు పోసిందాకా పిల్లవాడు వీధిలోకి వచ్చేవాడు కాదు. వేపమండంటే ఊరికి పెట్టిన నోటీసు. ఎవరూ సర్క్యులర్ ఇవ్వనక్కర్లేదు, ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. మశూచి నాటి అలవాటు అది. మన దేశంలో 1975లో ఆ మహమ్మారి అంతరించినా, మర్యాద మాత్రం చిన్నమ్మవారికి మిగిలింది. ఆ మర్యాద పోయి వాట్సాప్ వచ్చింది. అదీ తేడా.

హాజరు విషయం కూడా చెబుతాను. ఇప్పుడు సర్కారు పథకం కింద తల్లి ఖాతాలో డబ్బు పడాలంటే 75 శాతం హాజరు కావాలి. ఆరోగ్య కారణంగా మానినవాడి హాజరు సంగతి ఏమవుతుందో ఎంతమంది తల్లులకు చెబుతున్నారు? చెప్పకుండా "పంపవద్దు" అంటే తల్లి ఏం చేస్తుంది?

కుట్టుమిషన్ • 7:02

సిగ్గుపడలేదని మీకు ఎవురు చెప్పినారు మాస్టారూ? వేపమండ కట్టిన ఇంట్లోని ఆడవాళ్ళు చెప్పినారా, బయట నిలబడి చూసినోళ్ళు చెప్పినారా? మా అమ్మ కూలికి పొయ్యేది. ఇంటికి మండ కట్టినన్నాళ్ళూ ఆమెను ఎవురూ నాట్లకు పిలవలా. అది మర్యాదే, కాదనను. ఆ మర్యాదకు కూలి ఎవురిచ్చారు?

రెండో పేరా మాత్రం బంగారం. దాన్ని మొదట రాసుంటే బాగుండేది.

దగదర్తి_రైతు • 7:20

మా తాతకి నడుము చుట్టూ సర్పి లేచింది. పక్కలో పడుకున్న మనవరాలికి ఆటలమ్మ పోసింది. బడిని ఆడిపోసుకునే ముందు ఇంట్లో కూడా చూసుకోండి.

కొండపి_మందులషాపు • 7:31

నిజమే. రెండింటికీ ఒకటే పురుగు. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చి నరాల్లో దాక్కుంటుంది, వయసు మళ్ళాక సర్పిగా లేస్తుంది.

మూలాపేట_అమ్మ • 8:05

అందరికీ థాంక్సండీ. ఈరోజు ఆపేశాను, పదింటికి డాక్టరు దగ్గరికి పోతున్నాం. ఒక సంగతి రాత్రి రాయలేదు. మా ఆడబిడ్డ తొమ్మిదో నెలతో పురిటికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఆమెకు చిన్నప్పుడు పోసిందా లేదా అని రాత్రంతా ఇంట్లో ఇదే గోల. అత్తయ్య ఏమో "పోసింది, కుడి కనుబొమ్మ పైన మచ్చ చూడు" అంటుంది. ఆడబిడ్డేమో అది అరుగు మీంచి పడితే తగిలిన దెబ్బ అంటుంది. నేను టార్చి వేసి మరీ చూశాను. చిన్న గుంట ఉంది. దెబ్బదో, పొక్కుదో నాకేం తెలుస్తుంది.

ఒంగోలు_గిత్త • 8:09

ఇంట్లో నిండు చూలాలిని పెట్టుకుని ఆ మాట ఇప్పుడా చెప్పేది? బడి సంగతి తరవాత, ముందు మనిషిని కాపాడుకోండి.

కొండపి_మందులషాపు • 8:16

కంగారొద్దు. మీ బాబుకి సోకి ఉన్నా పొక్కు లేవడానికి కనీసం పది రోజులు, అంటుకోవడం అంతకు ఒకటి రెండు రోజుల ముందు. అంటే ఇంకా మూడు నాలుగు రోజుల వ్యవధి ఉంది. ఆమెకు రక్తపరీక్ష చేయిస్తే, ఐజీజీ అంటారు, ఇదివరకు వచ్చిందో లేదో మచ్చ కంటే నమ్మకంగా తెలుస్తుంది. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తరవాత దాకా తల్లికి పొక్కు లేస్తే పుట్టిన బిడ్డకు ప్రాణం మీదికి వస్తుంది. కాన్పు చేసే డాక్టరుకు ఈరోజే చెప్పండి.

కుట్టుమిషన్ • 8:40

ఇప్పుడు అర్థమైంది. ఈ అక్కకు పిల్లోణ్ణి బడికి పంపడమే మేలు, ఇంట్లో ఆడబిడ్డ ఒళ్ళో కూర్చోబెట్టే దానికంటే. ఆపాలి, ఆపాలి అన్నారు కదా, ఆపి ఎక్కడ పెడతారు?

ఒంగోలు_గిత్త • 8:52

మీకు ఎక్కడ చూసినా పంపడమే కనబడుద్ది. మీలాంటివాళ్ళు రోగం వచ్చినా పంపేరకం.

కుట్టుమిషన్ • 9:10

అవును, పంపినా. పోయినేడు మా చిన్నోడికి పరీక్షరోజు పొద్దున స్నానం చేయిస్తుంటే వీపు మీద నాలుగు లేచుండాయి. నీళ్ళ పొక్కులే. జొరం లేదు. పౌడరు కొట్టి, బనీను వేసి, పైన చొక్కా వేసి పంపినా. పెద్దదానికి జరిగింది చూసినాక గ్రూపులో పేరు పెట్టించుకునే ఓపిక నాకు లేదు. మధ్యాహ్నానికి పోయి తీసుకొచ్చుకున్నా. ఇంక నాకు ఉరిశిక్ష వేయండి.

ఒంగోలు_గిత్త • 9:14

[ఈ వ్యాఖ్యను నిర్వాహకులు తొలగించారు]

ఒంగోలు_గిత్త • 9:16

[ఈ వ్యాఖ్యను నిర్వాహకులు తొలగించారు]

నిర్వాహకుడు • 9:30

గిత్త గారూ, తల్లి మీద మాటలు ఇక్కడ కుదరవు. ఇంకోసారి రాస్తే ఖాతా ఆపేస్తాను. మీ వాదన ఉంటే వాదన రాయండి.

ఒంగోలు_గిత్త • మధ్యాహ్నం 1:45

రాస్తాను. ఇప్పటిదాకా రాయనిది.

మా పాపకి నాలుగేళ్ళప్పుడు బ్లడ్ క్యాన్సర్. రెండున్నరేళ్ళు పినాకిని రైలెక్కి చెన్నై తిరిగాం. ఒకసారి వార్డులో పక్క మంచం పిల్లాడికి ఆటలమ్మ లేచింది. ఆ రోజే మాకు చెప్పారు. పాపకు ఇంజెక్షన్ వేశారు, టీకా కాదు, ఇమ్యునోగ్లోబులిన్ అంటారు, రోగాన్ని అడ్డుకునేది. ఎనిమిదో రోజు నుంచి విడి గదిలో పెట్టారు, ఇరవై ఒకటి దాకా అన్నారు, ఇంజెక్షన్ వేశాం కనక 28 దాకా పొడిగించారు. నేను చూసిన 21 అదీ. ఏమీ కాలేదు.

తరవాత మందులు తగ్గించి, బడికి పంపొచ్చన్నారు. ఎంత సంబరపడిందో. కొత్త సాక్సులు ముందురోజు రాత్రే వేసుకుని పడుకుంది. మూడో నెలలో జ్వరమొచ్చింది, మర్నాటికి ఒళ్ళంతా పొక్కులు. పదకొండు రోజులు సెలైన్‌లో మందు ఎక్కించారు. ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఒక రాత్రి డాక్టరు మమ్మల్నిద్దర్నీ బయటికి పిలిచి మాట్లాడాడు, ఏం చెప్పాడో ఇక్కడ రాయను. బతికింది. తరవాత తెలిసింది, వాళ్ళ క్లాసులో అంతకు రెండు వారాల ముందు ఒక పిల్లకి వచ్చిందని. టీచరుకీ తెలుసు, ఆయాకీ తెలుసు. మాకు తెలియదు. ఆ తల్లి కూడా పౌడరే కొట్టి పంపిందో ఏమో.

నలభైమందినీ ఆపమని నేను అనను. నాకు కావాల్సింది ఒక్క ఫోను. తగిలిన పది రోజుల్లోపు చెప్పుంటే ఆ ఇంజెక్షన్ మళ్ళీ వేయించేవాణ్ణి. 21 అని ఎందుకు పట్టుకున్నానంటే, చెప్పేవాళ్ళు లేనప్పుడు నాకు అంతకంటే దారి కనబడలేదు.

పులిబొంగరం • 2:10

అన్నా.

కావలి_మాస్టారు • 3:25

ఉదయం నేను మర్యాద అంటూ రాసింది మీరు చదివి ఉంటారు. టీచరుకు తెలిసి చెప్పకపోవడం మా వృత్తికి తలవంపు. ఐతే ఒక మాట. ఫలానా పిల్లకు ఫలానా రోగం అని చెబితే ఆ పిల్ల తల్లి వచ్చి నా మీద విరుచుకుపడిన సందర్భాలు ఉన్నాయి. అందుకే చాలామంది నోరు మూసుకుంటారు.

కొండపి_మందులషాపు • 3:40

పేరు ఎందుకు మాస్టారూ? "రెండో తరగతి బి సెక్షన్లో ఒకరికి ఆటలమ్మ. శుక్రవారం దాకా బడికి వచ్చారు. ఇంట్లో గర్భిణులు, క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు ఉంటే డాక్టరును కలవండి." మూడు ముక్కలు. పేరు లేదు, రోల్ నంబరు లేదు.

సోమశిల_నీళ్ళు • 4:02

మూడు రోజులు రాకపోతే పేరు అందరికీ తెలిసిపోద్దిలే.

కుట్టుమిషన్ • రాత్రి 11:20

పొద్దున్నించి చూస్తా ఉండా. ఏం రాయాలో తెలీలా.

అన్నా, మా చిన్నోడి క్లాసులో అట్టాంటి బిడ్డ ఉందేమో అని ఆ పొద్దు నాకు తోచలా. తోచుంటే ఆపేదాన్నా? ఆపేదాన్నని రాస్తే మీకు బాగుంటది. కానీ నిజం చెప్పాలంటే తెలీదు. పరీక్ష రాయకపోతే ఆ బడోళ్ళు మళ్ళా పెట్టరు, షాపులో పెళ్ళి జాకెట్లు పదకొండు ఉండాయి, సాయంత్రానికి ఇవ్వాల. మధ్యాహ్నం పోయి తీసుకొచ్చినా అన్నా కదా, అది కూడా జాకెట్లు అయినాకే పోయినా.

చెప్పి ఉండాల్సింది. టీచరుకైనా. అది ఒప్పుకుంటా. 21 రోజులు మాత్రం ఒప్పుకోను.

ఒంగోలు_గిత్త • 11:48

21 వదిలేశాను. మీరు పంపింది తప్పే, అది వదలను. పొద్దున రాసినవి నిర్వాహకులు తీసేసింది మంచిదే అయింది.

మూలాపేట_అమ్మ • బుధవారం ఉదయం 7:30

నిన్న రాత్రి రాద్దామనుకుని ఇవన్నీ చదువుతూ ఉండిపోయాను. బాబుకి రెండో డోసు నిన్ననే పడింది, నాలుగో రోజు కాబట్టి వేయొచ్చన్నారు. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ బడికి పంపొచ్చన్నారు, పంపుతున్నాను. ఆడబిడ్డ రక్తం ఇచ్చింది. రిపోర్టు వచ్చిందాకా ఆమెను మూలాపేటలోనే మా చిన్నత్తయ్య ఇంట్లో ఉంచాం. పురిటికి పుట్టింటికొస్తే పుట్టింట్లోంచి పంపేశారని ఒక ఏడుపు. అది వేరే కథ.

మూలాపేట_అమ్మ • శుక్రవారం సాయంత్రం 5:50

రిపోర్టు వచ్చింది. ఆమెకు ఇదివరకే వచ్చి పోయిందంట, భయం లేదంట. అత్తయ్య ఇప్పటికి పదిమందికి ఫోన్ చేసి "మచ్చ చూసి నేను ముందే చెప్పానా లేదా" అంటోంది.

పులిబొంగరం • 6:02

ల్యాబు మూసేసి అత్తయ్యకు టార్చి ఇవ్వండి.

మూలాపేట_అమ్మ • ఆ తరవాతి వారం ఆదివారం రాత్రి 8:15

పదహారో రోజు. తలంటి పోస్తుంటే కడుపు మీద మూడు కనబడ్డాయి. నీళ్ళ పొక్కుల్లా లేవు, ఎర్రగా, దోమ కుట్టినట్టు. జ్వరం లేదు. రేపు ఆఖరి పరీక్ష, లెక్కలు. మా ఆయన దోమే అంటున్నాడు.

కొండపి_మందులషాపు • 8:22

టీకా పడ్డ పిల్లలకు వస్తే ఇలాగే వస్తుందమ్మా, కొద్దిగా, నీళ్ళు లేకుండా. పక్కు కూడా కట్టకపోవచ్చు. అలాంటప్పుడు ఒక రోజంతా కొత్తవి లేవకుండా ఉంటే అప్పుడు పంపుతారు. రేపు మాత్రం డాక్టరుకు చూపించండి.

ఒంగోలు_గిత్త • 8:25

రేపు పంపమాకండి. గ్రూపులో పెట్టండి.

కుట్టుమిషన్ • 8:27

గ్రూపులో నువ్వు పెట్టబాక అక్కా. టీచరుకి ఫోన్ చేసి, పేరు లేకుండా పెట్టమని అడుగు. లెక్కల పరీక్ష మళ్ళా పెడతారో లేదో అది కూడా అప్పుడే అడిగెయ్, తరవాత మాట మారుస్తారు.

మూలాపేట_అమ్మ • 8:41

చేస్తున్నా. రింగవుతోంది.